తాతయ్య 315 రైఫిలు, టిక్ మని ఊరుకునే రోగం

పాత రైఫిల్ పేలకపోతే మనోళ్లందరూ అనే మాట ఒకటే, "రౌండ్లు పాతబడ్డాయి రా, కొత్తవి తెప్పించు, అదే పేలుద్ది". కొన్నిసార్లు అది నిజమే, కానీ చాలాసార్లు కొత్త రౌండ్లు పెట్టినా టిక్ మని ఊరుకుంటది, అప్పుడు అదే నోటితో "తుపాకి ముసలిదైపోయింది, అమ్మి పారెయ్" అంటారు. పేలని తూటా వెనకాల ప్రైమర్ మీద, అంటే దెబ్బ తగిలితే నిప్పు రాజేసే చిన్న బిళ్ల మీద, పిన్ను కొట్టిన గుంట ఎలా ఉందో మాత్రం ఒక్కడూ చూడడు. నా వరకు అయితే మొత్తం సమాధానం అక్కడే మొదలైంది, అందుకే పేలలేదని విసుగొచ్చి ఆ తూటాని మాత్రం పారేయొద్దు అని ముందే చెప్తున్నా.

మా ఇంట్లోది 315 (అంటే 0.315 అంగుళం) స్పోర్టింగ్ రైఫిల్, బెంగాల్లోని ఇషాపూర్ ప్రభుత్వ తుపాకుల ఫ్యాక్టరీది, తాతయ్య అరవైల్లో కొన్నాడు. మాది నల్లమల అంచున ఊరు, 1972లో వన్యప్రాణి చట్టం వచ్చేదాకా మా వైపు లైసెన్సు తుపాకి ఉన్నోళ్లు వేటకి పోవడం మామూలే, తాతయ్యా పోయినోడే. ఆ తర్వాత నాన్న చేతికొచ్చి పంట రక్షణ కింద లైసెన్సు నడిచింది, ఆయన టైంలో అది బీరువా వెనకాలే ఎక్కువ కాలం గడిపింది, ఇప్పుడు నా పేరు మీదకొచ్చింది. వేట ఇప్పుడు నేరం, అందులో రెండో మాట లేదు, అడవిపందులు దిగి రాత్రికి రాత్రి మొక్కజొన్న చేను దున్నేసి పోయినా సరే ఫారెస్టోళ్ల పర్మిషన్ చేతిలో లేకుండా వాటి మీద కాల్చడానికి లేదు. మరి బాగుచేయించడం దేనికి అంటే, పేలాల్సినప్పుడు పేలకుండా పేలకూడనప్పుడు పేలే తుపాకిని ఇంట్లో పెట్టుకోవడం నాకిష్టం లేదు, ఉంచుకున్నా అమ్ముకున్నా అది సరిగ్గా ఉండాలి.

ఈ 315 కథ కొంచెం తెలిస్తే రిపేరు కూడా అర్థమవుద్ది. తెల్లోళ్ల టైంలో సైన్యం వాడే 303 తూటా మామూలు జనం దగ్గర ఉండకూడదని ఆంక్ష, దాంతో సైన్యం వాడే లీ ఎన్‌ఫీల్డ్ రైఫిల్ బాడీలోనే 8 మిల్లీమీటర్ల తూటా పట్టేలా చేసి సివిలియన్లకి అమ్మారు, ఆ తూటా అసలు ఆస్ట్రియా వాళ్ల మాన్‌లికర్ రైఫిల్‌ది, 244 గ్రెయిన్ల (దాదాపు 16 గ్రాములు) బరువైన గుండు. మనకి ఇందులో లాభం ఏంటంటే బోల్టు, అంటే తూటాని లోపలికి తోసి వెనకనుంచి మూసే కడ్డీ, దాని లోపలి పనంతా లీ ఎన్‌ఫీల్డ్‌దే కాబట్టి ఆ రైఫిళ్ల గురించి ప్రపంచంలో ఎవడు ఏం చెప్పినా చాలావరకు దీనికీ సరిపోద్ది. నష్టం ఏంటంటే 303 గేజీలు (లోపలి సందు కొలిచే పనిముట్లు) తెచ్చి దీన్ని కొలుస్తానంటే కుదరదు.

లైసెన్సు సంగతి రెండు ముక్కల్లో చెప్పి వదిలేస్తా, ఎందుకంటే చాలామంది ఇళ్లల్లో పెద్దాయన పోయాక తుపాకి అలాగే బీరువాలో ఉండిపోతది, అది తప్పు. లైసెన్సు ఉన్న మనిషి పోతే తుపాకిని పోలీస్ స్టేషన్లో గానీ లైసెన్సు ఉన్న డీలర్ దగ్గర గానీ డిపాజిట్ చెయ్యాలి, తర్వాత వారసుల్లో ఒకళ్లు అప్లై చేసుకోవాలి. 2016 ఆర్మ్స్ రూల్స్ ప్రకారం పెద్దాయన బతికుండగానే డెబ్బై ఏళ్లు నిండితేనో, ఆ తుపాకి ఇరవై ఐదేళ్లుగా ఆయన దగ్గరుంటేనో వారసుడి పేరు మీదకి మార్చుకోవచ్చు, ఆ దారిలో వెళ్తే ఇంటిల్లిపాదికీ ప్రాణం సుఖం. 2019 సవరణ తర్వాత ఒక మనిషికి రెండే తుపాకులు, లైసెన్సు ఐదేళ్లకి. ఇక నేను ఆఫీసుల చుట్టూ తిరిగిన పురాణం ఇక్కడ ఎత్తితే తెల్లారిపోద్ది.

సరే రోగం దగ్గరికొద్దాం. అనుమతి తీసుకుని రేంజ్‌కి పట్టుకెళ్లాను, కొన్ని రౌండ్లు దడేల్ మని బ్రహ్మాండంగా పేలుతున్నాయి, మధ్యలో ఒకటి టిక్. మళ్లీ రెండు పేలి ఇంకోటి టిక్. చలికాలం పొద్దున పూట ఎక్కువ, ఎండెక్కాక తక్కువ, ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తది.

టిక్ మన్న వెంటనే ఏం చెయ్యాలో తెలియకపోతే మిగతా ఏ రిపేరూ తెలిసి ఉపయోగం లేదు. బోల్టు తెరవొద్దు. గొట్టం టార్గెట్ వైపే ఉంచి కదలకుండా ఉండాలి, ఎందుకంటే కొన్ని పాత ప్రైమర్లు వెంటనే అంటుకోవు, ఒక క్షణం ఆగి పేలతాయి, హ్యాంగ్ ఫైర్ అంటారు, అది బోల్టు సగం తెరిచి ఉన్నప్పుడు జరిగితే ఇత్తడి ముక్కలు, వేడి గ్యాసు మొత్తం మన మొహం మీదకే. కనీసం ముప్పై సెకన్లు అంటారు, నేనైతే నిమిషం దాకా ఆగుతా, పక్క లేన్లో వాళ్లు నవ్వుకున్నా పర్లేదు. ఇంకోటి, టిక్ కాకుండా "టప్" మని నీరసంగా మోగి దెబ్బ వెనక్కి తన్నకపోతే అది ఇంకా ప్రమాదం, గుండు గొట్టంలోనే ఇరుక్కుని ఉండొచ్చు, తుపాకి ఖాళీ చేసి బోల్టు ఊడదీసి గొట్టంలోంచి అవతలి వెలుతురు కనపడే వరకు ఇంకో రౌండు పెట్టడానికి వీల్లేదు.

నిమిషం అయ్యాక తూటా బయటికి తీసి వెనక్కి తిప్పి చూడాలి. మధ్యలో గుండ్రంగా ఉండేదే ప్రైమర్, దాని మీద పిన్ను గుంట. పక్కనే పేలిన షెల్ (ఖాళీ ఇత్తడి తొడుగు) ఒకటి పెట్టుకుని రెండూ పోల్చాలి, పేలినప్పుడు ప్రెషర్‌కి ప్రైమర్ వెనక్కి నొక్కుకుంటది కాబట్టి అచ్చం ఒకేలా ఉండవు, అయినా తేడా పెద్దదైతే కంటికే తెలిసిపోద్ది. గుంట లోతుగా, నడిమధ్యలో ఉండి పేలలేదంటే తుపాకి తన పని తాను చేసింది, తప్పు తూటాది. గుంట పైపైన గోటితో గిచ్చినట్టు ఉంటే తప్పు తుపాకిది. గుంట పక్కకి జరిగి ఉంటే పిన్ను వంగిందో బోల్టు ముందు ముక్క, అదే బోల్ట్ హెడ్, వదులైందో చూడాలి. అసలు గుంటే లేదంటే పిన్ను విరిగి ఉండొచ్చు. ఇంకో చిన్న పరీక్ష, ఆగాల్సినంత సేపు ఆగాక గొట్టం టార్గెట్ వైపే ఉంచి, బోల్టు తెరవకుండా వెనకాల పిన్ను చివరుండే కాకింగ్ పీస్ అనే ముక్కని చేత్తో వెనక్కి లాగి రెండోసారి కొట్టొచ్చు, లీ ఎన్‌ఫీల్డ్ తరహా రైఫిళ్లలో ఈ సదుపాయం ఉంది. రెండో దెబ్బకి పేలిందంటే మొదటి దెబ్బ చాల్లేదని అర్థం, లేదా ప్రైమర్ పూర్తిగా కూర్చోక మొదటి దెబ్బ దాన్ని లోపలికి నెట్టడానికే సరిపోయిందని అర్థం.

మా తూటాల్లో రెండు రకాలూ కనపడ్డాయి, అదీ తలనొప్పి. ఎక్కువ వాటి మీద గుంట పైపైన ఉంది, ఒక పెట్టెలోవి కొన్ని మాత్రం చక్కగా లోతు గుంట పడి కూడా చచ్చినట్టున్నాయి. అన్నీ విడిగా ఒక డబ్బాలో వేసి, ఏ పెట్టెలోంచి వచ్చాయో చీటీ రాసి, కర్నూలులో లైసెన్సు ఉన్న గన్‌స్మిత్ దగ్గరికి పట్టుకెళ్లా. తుపాకి రిపేరు చెయ్యడానికి కూడా చట్టప్రకారం లైసెన్సు ఉండాలి, ఊళ్లో వెల్డింగ్ షాపులో చేయించుకొస్తా అనే వాళ్లకి దణ్ణం.

ఆయన పెద్దాయన, అందరూ చాచా అనే అంటారు. డబ్బా మూత తీసి ఒక్కో తూటాని ట్యూబ్‌లైటు కింద తిప్పి తిప్పి చూశాడు, రైఫిల్ వంక అసలు చూడనే లేదు.

"గోలీ మీద దెబ్బే సరిగా పడలే బాబూ, గోలీని తిట్టి ఏం లాభం?"

"మరి ఇవి చాచా? వీటికి బానే పడింది కదా."

"అవి వేరే బీమారీ. ముందు బోల్టు చూద్దాం, దాన్ని తర్వాత చూద్దాం. రెండూ ఒకేసారి మారిస్తే ఏది బాగైందో నీకూ తెలీదు, నాకూ తెలీదు."

ఈ మాట నాకు బలే నచ్చింది, ఎందుకంటే మా బావ అప్పటికే కొత్త రౌండ్లు, కొత్త స్ప్రింగు, కొత్త పిన్ను అన్నీ ఒకేసారి వేయించెయ్ అని పోరుతున్నాడు. బావే ఇంకో సలహా కూడా ఇచ్చాడు, స్ప్రింగుని కొంచెం సాగదీస్తే బలం వస్తదంట, లేకపోతే వెనకాల ఒక వాషరు వెయ్యమన్నాడు. సాగదీసిన స్ప్రింగు నాలుగు రోజులు పని చేసి మళ్లీ కూలబడుద్ది, వాషరు వేస్తే స్ప్రింగు పూర్తిగా నొక్కుకోడానికి చోటుండదు. బోర్ మోటారుకి నడిచే విద్యలు ఇక్కడ నడవవు బావా.

బోల్టు లోపల ఏముంటదో చెప్తా. ముందు భాగంలో బోల్ట్ హెడ్ మరలా బిగించి ఉంటది, దాని వెనక బోల్టు గొట్టంలో పొడుగాటి స్ట్రైకర్, అదే ఫైరింగ్ పిన్ను, దాని చుట్టూ మెయిన్ స్ప్రింగు, వెనక చివర కాకింగ్ పీస్. ట్రిగ్గర్ నొక్కితే స్ప్రింగు పిన్నుని ముందుకి తోస్తది, బోల్ట్ మొహంలోంచి పిన్ను ముక్కు బయటికొచ్చి ప్రైమర్‌ని కొడతది. ఆ బయటికొచ్చే పొడవు లీ ఎన్‌ఫీల్డ్ లెక్కల్లో ఒక మిల్లీమీటరు నుంచి ఒకటింపావు మిల్లీమీటరు దాకా, అంతే. ఇంత చిన్న కదలికలో లోపల ఏ కొంచెం అడ్డం పడినా దెబ్బ బలం పడిపోద్ది. బోల్ట్ హెడ్ చేత్తోనే ఊడొస్తది కానీ స్ట్రైకర్ తియ్యాలంటే దాని కాలర్‌ని పట్టుకునే గాడులున్న గొట్టం లాంటి ప్రత్యేకమైన పనిముట్టు కావాలి, చాచా దగ్గర ఆయన సొంతంగా చేసుకున్నది ఉంది. ముక్కుపట్టకారుతో కుస్తీ పట్టినోళ్ల బోల్టులు ఎన్నో చూశాడంట, పిన్ను ముక్కు గీరుకుపోయి ఉంటాయన్నాడు.

స్ట్రైకర్ బయటికి లాగితే స్ప్రింగు చుట్టల మధ్య ఎర్రగా, గట్టిగా, పొరలు పొరలుగా మామిడి తాండ్ర మాదిరి పట్టేసి ఉంది. చాచా ఒక సన్నటి పుల్లతో గీకి వాసన చూసి నవ్వాడు. తాతయ్య స్టాకు చెక్కకి అవిసె నూనె పట్టించేవాడు, చెక్కకి అది మంచిదే, గాలి తగిలి ఆరిపోయి గట్టి పొర కడతది, కానీ అదే గుణం బోల్టులోకి పోతే వార్నిష్ అయి కూర్చుంటది. దాని మీద నాన్న కొబ్బరి నూనె వేసేవాడు, ఇంట్లో ఎప్పుడూ ఉండేది అదే కదా. కొబ్బరి నూనె ఇరవై నాలుగు డిగ్రీల కింద పేరుకుపోద్ది, జనవరిలో మా వైపు తెల్లారుజామున ఎంత ఉంటదో మీకు తెలుసు, బాత్రూంలో సీసా గడ్డకట్టి ఉంటది చూడండి, బోల్టులో కూడా అదే కథ. పొద్దున పూట ఎక్కువ మిస్ ఫైర్లు, ఎండెక్కాక తక్కువ అన్నాను కదా, అదీ సంగతి. ఆముదం వేసే వాళ్లు కూడా ఉన్నారంట, అది ఇంకా చిక్కన.

కిరోసిన్‌లో నానబెట్టి, బ్రష్ వేసి, బోల్టు గొట్టం లోపల గుడ్డ చుట్టిన పుల్లతో తెల్లగా వచ్చేదాకా తుడిచి, ఆరబెట్టి, మిషన్ ఆయిల్ ఒక్క చుక్క వేళ్లకి రాసుకుని స్ట్రైకర్ మీద పులిమాడు, అంతే, ధార పోసేది ఏం లేదు. బోల్టు లోపల నూనె ఎక్కువైతే దుమ్ము పడతది, ఇంకా కిందకి కారి ప్రైమర్ లోపలికి దిగితే మంచి తూటా కూడా చెడిపోవచ్చు.

తర్వాత పాత స్ప్రింగుని కొత్తదాని పక్కన టేబుల్ మీద నిలబెట్టాడు. పాతది స్పష్టంగా పొట్టిగా ఉంది, కింద రెండు చుట్టల దగ్గర తుప్పు తిన్న గుంటలు. అయినా వెంటనే మార్చలేదు, ముందు పాత స్ప్రింగుతోనే బిగించి, మందూ గుండూ లేని ప్రైమర్ షెల్ ఒకటి పెట్టి షాపు వెనకాల ఉన్న ఇసక పెట్టె వైపు కొట్టి చూశాడు, గుంట ముందుకంటే బాగా పడింది. అప్పుడు కొత్తది వేసి మళ్లీ కొట్టాడు, ఇంకొంచెం లోతు. "మైల అసలు దొంగ, స్ప్రింగు దాని తమ్ముడు" అన్నాడు. నిజానికి చాలా ఇళ్లల్లో ఒట్టి శుభ్రం చేస్తే సరిపోయే దానికి స్ప్రింగులు మార్చి, అది కూడా ఆ మైలలోనే బిగించి, మళ్లీ కొన్నాళ్లకి తిరిగొస్తారంట.

బోల్టు బాగానే ఉండి కూడా దెబ్బ నీరసంగా పడే దారి ఇంకోటుంది, అది చాలామందికి తట్టదు. ఈ రైఫిల్ బోల్టు మూసేటప్పుడు, తెరిచేటప్పుడు కాదు, చివర్లో స్ప్రింగు నొక్కుకుంటది, అందుకే చివర గట్టిగా తోయాలి. అలవాటు లేని వాళ్లు పిడి పూర్తిగా కిందకి దించరు, లేదా ఛాంబర్లో, అంటే తూటా కూర్చునే చోట, మట్టి, పాత మైల ఉండి తూటా అంచు సరిగ్గా కూర్చోదు, పిడి ఒక వెంట్రుక వాసి పైన ఆగిపోద్ది. అప్పుడు ట్రిగ్గర్ నొక్కితే స్ప్రింగు బలం సగం పిడిని కిందకి తిప్పడానికే ఖర్చయిపోయి, మిగిలింది ప్రైమర్‌కి చేరుద్ది. టిక్ మన్నప్పుడు పిడి తనంతట తాను కొంచెం కదిలినట్టు అనిపిస్తే అనుమానం ఇటే.

హెడ్‌స్పేస్ అనేది వేరే భయం. ఈ తూటాకి వెనకాల అంచు ఉంటది, ఆ అంచు మందానికీ బోల్ట్ మొహానికీ మధ్య సందు పెరిగితే పిన్ను కొట్టినప్పుడు తూటా ముందుకి జారుద్ది, దెబ్బ మెత్తబడుద్ది. మిస్ ఫైర్ ఒక్కటే అయితే సరే గానీ, సందు మరీ ఎక్కువైతే షెల్ అడుగు దగ్గర చిట్లి గ్యాసు వెనక్కి తన్నుద్ది. పేలిన షెల్స్ అడుగున కొంచెం పైగా మెరిసే గీత చుట్టూ వచ్చిందా, ప్రైమర్లు బయటికి ఉబ్బాయా చూసుకోండి, అలా ఉంటే ఇంక కాల్చడం ఆపి గేజీ పెట్టించాల్సిందే. మాది ఆ పరీక్షలో పాసైంది. బోల్టు మీద నంబరు, రిసీవర్ (బోల్టు కూర్చునే రైఫిల్ బాడీ) మీద నంబరు ఒకటేనా అని కూడా చాచా చూశాడు, వేరే రైఫిల్ బోల్టు వచ్చి పడితే ఈ సందు లెక్క మొత్తం మారిపోద్ది.

ఇక మిగిలింది లోతు గుంట పడి కూడా పేలని ఆ పెట్టె. బోల్టు బాగయ్యాక రేంజ్‌లో వేరే పెట్టెల రౌండ్లన్నీ వరసగా పేలాయి, ఈ పెట్టెవి మాత్రం ఒకటి పేలితే ఒకటి లేదు. దగ్గరగా చూస్తే ప్రైమర్ చుట్టూ ఉన్న సన్నటి గాడిలో పచ్చ చిలుము. నాన్న ఈ పెట్టెని అటకమీద రేకుల కింద పెట్టాడు, ఎండాకాలం కాలి, వానాకాలం చెమ్మెక్కి, ఏళ్ల తరబడి అదే తంతు. ఇలాంటి వాటిని ఎండలో పెడితే బాగవుతాయని ఎవరన్నా అంటే నమ్మొద్దు, గుండు పీకి మందు చూస్తా అనే సాహసం అసలే వద్దు, చెత్తలో వెయ్యడమూ మంటలో వెయ్యడమూ అంతకన్నా వద్దు. మొత్తం పెట్టెని డీలర్‌కి అప్పజెప్పి లైసెన్సు పుస్తకంలో ఎంట్రీ చేయించుకున్నా. మిగతా రౌండ్లు ఇప్పుడు గాలి దూరని డబ్బాలో, సిలికా జెల్ పొట్లాలతో, కొన్న తారీకు రాసి కింది గదిలో ఉన్నాయి.

పాత తూటాలు కాల్చిన వాళ్లకి ఒక మాట. వెనకటి ప్రైమర్లలో పొటాషియం క్లోరేట్ ఉండేది, అది కాలాక గొట్టంలో మిగిలేది ఒక రకం ఉప్పు, ఎంత నూనె పోసినా కరగదు, పైగా నూనె కింద కూర్చుని చెమ్మ పీల్చి తుప్పు పట్టిస్తది. ముందు వేడినీళ్లు పోసి కడిగి, పూర్తిగా ఆరబెట్టి, ఆ తర్వాతే నూనె. తుపాకికి నీళ్లేంటి అని మా అమ్మ కూడా కంగారు పడింది గానీ పద్ధతి అదే, బోల్ట్ మొహానికి కూడా ఇదే స్నానం.

రైఫిల్ మైల పట్టడానికి ఇంకో పెద్ద కారణం ఎన్నికలు. కోడ్ రాగానే తుపాకులు స్టేషన్లో డిపాజిట్ చెయ్యమంటారు, 2024లో కూడా అంతే, ఎన్నికలు మేలో అయిపోయి మనం తీరిక చేసుకుని వెళ్లి తెచ్చుకునే లోపు వాన చినుకులు కూడా మొదలైపోతాయి. అందరి తుపాకులూ ఒకే గదిలో, గోడకి ఆనించి. అక్కడ ఎవరో తుడిచి పెడతారని ఎదురుచూడకూడదు, మనమే ఇచ్చే ముందు గొట్టం లోపల పల్చగా నూనె రాసి, ఛాంబర్ పొడిగా ఉంచి, బోల్టు లోపల మాత్రం నూనె ముద్ద లేకుండా చూసుకోవాలి, తెచ్చుకున్నాక కాల్చే ముందు మళ్లీ అన్నీ తుడవాలి. బోల్టులు విడిగా తీసి పెట్టే స్టేషన్లు కూడా ఉన్నాయి, అక్కడ రసీదు మీద రైఫిల్ నంబరుతో పాటు బోల్టు నంబరు కూడా రాయమని అడగండి. రైటర్ గారు కొంచెం విసుక్కుంటారు, అయినా పక్కన నిలబడి రాయించుకోండి.